నాలుగో మాట

పెద్దాయన కుర్చీ వెనక, ఎడమ పక్కన, ఒక పొట్టి స్టూలు ఉండేది. ఆయన కుడి చెవి ఎప్పుడో పనిచేయడం మానేసింది. అందుకని ఆఫీసు పని చూసే ఆమె, ఆయన ఎడమ చెవి దగ్గర కూర్చునేది. చూడటానికి వచ్చినవాళ్ళు వరసలో ఒక్కొక్కరే ముందుకు జరుగుతుంటే, ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని మూడు సంగతులు చెప్పేది. మనిషి పేరు, ఊరు, ఆ ఇంటి కష్టం ఒకటి. పెద్దాయన లేచి ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, “మీ ఆవిడ కాలు నయమైందా? నడుస్తోందా?” అని అడిగేవాడు. వచ్చినవాడి కళ్ళు చెమర్చేవి. ఇంత పెద్ద మనిషి, మా ఇంటి సంగతి గుర్తు పెట్టుకున్నాడని బయటికి వెళ్ళి పదిమందికి చెప్పుకునేవాడు.

ఆఫీసులో ఆమెకు చిలక అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే. “చిలకమ్మా, ఇవాళ పెద్దాయన ఏ మూడ్‌లో ఉన్నారు?” అని అడిగితే, “ఇంకా చెప్పలేదు, చెప్పాక చెప్తాను,” అనేది. ఎవరు ఎవరికి చెప్పాలో అడిగినవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఆ స్టూలు మొదట అమ్మగారిది, అంటే పెద్దాయన భార్యది. ఆయనకు వయసులో ఉన్నప్పుడే పేర్లు నిలిచేవి కావు. అమ్మగారే పక్కన కూర్చుని అందించేది. తను మంచాన పడ్డాక, ఆఫీసులో టైపు చేసుకునే ఈమెను పిలిపించి పని నేర్పింది.

“పేరు, ఊరు, కష్టం. ఈ మూడే చెప్పు. నాలుగోది చెప్పావో, అది ఆయన మాట కాదు, నీ మాట అవుతుంది. గుర్తుంటుందా?”

“ఉంటుందమ్మగారూ.”

“గొంతు ఎత్తకు. ఊపిరితో చెప్పు. ఇంకొకరు ఉన్నట్టే ఆయనకి తెలియకూడదు.”

అమ్మగారు మంచం మీద నుంచే ఆయన చెవిలో చెప్పినట్టు చెప్పి చూపించింది. ఆమె తిరిగి చెప్పింది. అమ్మగారు తల అడ్డంగా ఊపింది, మళ్ళీ చెప్పించింది. చివరికి ఇద్దరి గుసగుసా ఒకటే అయ్యేదాకా వదల్లేదు.

అమ్మగారు పోయింది. పెద్దాయనకు ఎనభై దాటాయి. ఒక మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

“ఇదిగో, మందులు వేసుకున్నావా?”

ఆమె చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. ‘అయ్యా, నేను అమ్మగారిని కాను’ అనబోయింది. ఆయన చెయ్యి వెనక్కి చాపి, స్టూలు అంచు తడుముతున్నాడు.

“వేసుకున్నానండీ,” అంది, ఊపిరితో.

ఆయన చెయ్యి ముందుకు తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరి మీదా కోప్పడలేదు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అది రోజూ ఉండే మాటే అయింది.

ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. చూపు పరీక్షలో ఒక వరస చదవలేకపోయాడని పొమ్మన్నారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పెద్దాయనలా పదవిలో ఉండేవాళ్ళకు డెబ్భై అయిదు దాటకూడదని సభలో బిల్లు పెట్టారని తెలిసిన రోజు, భర్త కంచం ముందు కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.

“అరవైకే నా చేతిలో స్టీరింగ్ లాగేసుకున్నారు. నా బస్సులో ఉండేది యాభై మంది. మీ పెద్దాయన బండిలో ఎంతమందో లెక్క పెట్టావా?”

“వయసు ఒక్కటే కాదండీ. నలభైల్లో ఉండి, అన్నీ గుర్తుండి కూడా మర్చిపోయినట్టు నటించేవాళ్ళని చూస్తున్నా అక్కడ.”

“వాళ్ళ సంగతి వదిలెయ్. ఈయన సంగతి చెప్పు. నువ్వు ఒక్క పూట సెలవు పెడితే ఆయన కుర్చీలో నిలుస్తాడా?”

ఆమె మజ్జిగ పోసింది.

“నిలవడు. అంటే కుర్చీలో ఉన్నది నువ్వే. తినవే పెద్దమ్మా, చల్లారిపోతోంది.”

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆమె మాత్రం కంచం పక్కకి జరిపింది.

ఆ వారమే ఒకావిడ వచ్చింది, వెలిసిపోయిన చీర, చేతిలో గొడుగు. చిలక పెద్దాయన చెవిలో పేరు చెప్పింది, ఊరు చెప్పింది, “కొడుకు కాలవలో పడి పోయాడు” అని చెప్పింది. పెద్దాయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చల్లగా నవ్వాడు.

“అబ్బాయి బాగా చదువుతున్నాడా అమ్మా?”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన వెనక ఉన్న స్టూలు వైపు చూసింది.

“చదువుతున్నాడయ్యా,” అంది.

అంత పెద్దాయనను నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక అన్న మాట అది. గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది. ఎవరూ మళ్ళీ రాలేదు దాని కోసం. గది మూల ఆ గొడుగు కనిపించినప్పుడల్లా చిలక నోట్లో ఆ జవాబే తిరిగేది: చదువుతున్నాడయ్యా.

బిల్లు చర్చకు వచ్చే ముందు చిన్నబాబు ఆమెను లోపలికి పిలిచాడు. పెద్దాయన కొడుకు. జుట్టంతా తెల్లబడ్డా అందరికీ చిన్నబాబే.

“నాన్న రేపు సభలో లేచి ఈ బిల్లు వద్దని మాట్లాడతారు. ఈ కాగితాలు మీ దగ్గర ఉంచండి. ఎక్కడ ఆగితే అక్కడ తర్వాతి వాక్యం అందించండి. రోజూ చేసే పనేగా?”

“రోజూ చెప్పేది పేర్లు బాబూ. ఇవి మాటలు.”

“తేడా ఏముందండీ?” నిజంగానే అడిగాడు. తర్వాత మెల్లగా, “ఆ కుర్చీ లేకపోతే నాన్న నెల తిరక్కుండా పోతారు. అది మీకూ తెలుసు,” అన్నాడు.

ఆమెకు తెలుసు. కుర్చీ ఉంటే ఏమవుతోందో కూడా తెలుసు.

సభలో పెద్దవాళ్ళకు తోడు మనిషిని రానిచ్చేవారు. స్టూలు అక్కడికీ వెళ్ళింది. పెద్దాయన లేవగానే అందరూ సర్దుకుని కూర్చున్నారు. మొదటి పేజీ ఆయన గొంతులో గంటలా పలికింది. అనుభవాన్ని పుట్టినతేదీతో కొలుస్తారా అని అడిగాడు. బల్లలు చరిచారు. రెండో పేజీ మధ్యలో ఆగాడు. ఆమె తర్వాతి వాక్యం అందించింది. ఆయన అనలేదు. కొంచెం వెనక్కి వంగాడు.

“ఇదిగో, వీళ్ళంతా ఎవరు?”

ఆమె వాక్యం మళ్ళీ చెప్పింది.

“మనింటికి ఎప్పుడెళ్దాం?”

కాగితం మీద వేలు పెట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. అవతలి బెంచీల్లో ఎవరో దగ్గారు. చిన్నబాబు ఇటే చూస్తున్నాడు. వాక్యం మూడోసారి చెప్తే ఆయన అంటాడు. అప్పుడది సభలో ఆయన మాటగా నిలిచిపోతుంది. ఆమె ఫైలు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమండీ,” అంది. ఆ పిలుపుతో అప్పటిదాకా ఒక్క మనిషినే, తన భర్తనే, పిలిచింది ఆమె. “ఇక చాలు. ఇంటికి పదండి.”

పెద్దాయన మొహం తేటపడింది. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మైకులో, “మా ఇంట్లో పిలుస్తున్నారు. నేను వెళ్తా,” అన్నాడు.

సభ నవ్వింది. ఆ తర్వాత రెండు వైపులా లేచి నిలబడ్డారు. ఎంత హుందాగా తప్పుకున్నాడని మర్నాడు పేపర్లు రాశాయి. బిల్లు గెలిచింది. చిన్నబాబు వచ్చి ఆమె దగ్గర కాగితాలు తీసుకున్నాడు.

వరండాలో కారు దగ్గర పెద్దాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“ముందు నువ్వెక్కు,” అన్నాడు ఆమె పక్క ఉన్న ఖాళీ వైపు చూస్తూ.

కొన్నాళ్ళకు చిన్నబాబు ఫోన్ చేశాడు. “నాన్న అన్నం ముట్టడం లేదండీ. గదులన్నీ తెరిచి చూస్తున్నారు. ‘ఇంటికి రమ్మని పిలిచింది, ఎక్కడుంది?’ అంటున్నారు. ఎవరు పిలిచారో మాకు అర్థం కావడం లేదు.” గొంతు తగ్గించాడు. “మీరు ఒక్కసారి వస్తారా?”

వెళ్ళింది. పడకగదికీ వంటింటికీ మధ్య తలుపు ఉంది. దాని వెనక ఎవరో స్టూలు తెచ్చి వేసి ఉంచారు.

“ఏమండీ, తినండి,” అంది.

లోపల చెంచా చప్పుడైంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వెళ్తోంది. పేరు లేదు, ఊరు లేదు, ‘ఏమండీ’ అనే నాలుగో మాట ఒక్కటే. అది ఆయన చెవిలో వేసింది తనే కనుక మానడానికి వీల్లేదు. ఒక్కోసారి తను చెప్పకముందే తలుపు ఇవతల ‘ఏమండీ’ అని వినిపించినట్టుంటుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకుంటుంది, పెదవులు కదిలాయేమోనని.

నిన్న వానలో ఇంటికి వచ్చింది. లోపల గడియ వేసి ఉంది, భర్త రేడియో పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి ‘ఏమండీ’ అనబోయి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. తర్వాత వేళ్ళతో తలుపు కొట్టింది. చాలాసేపు కొట్టింది.

ఆయన తలుపు తీసి, తడిసి ముద్దయిన ఆమెను చూసి, “నోరు పడిపోయిందా? పిలిస్తే రానూ?” అన్నాడు.

ఆమె ఆయన వెనక స్టూలేమైనా ఉందా అన్నట్టు గదిలోకి ఒకసారి చూసి, లోపలికి వచ్చింది.