చూసీ చూడని కన్ను

ఎవరైనా షికారుకెళ్ళొస్తే "ఏం చూశావు?" అని అడగడం లోకం తీరు. మా పెదనాన్న మాత్రం "ఏం చూడలేదు?" అని అడుగుతాడు. కృత్రిమ కన్ను తయారుచేసే కంపెనీలో ఆయన పెద్ద ఇంజనీరు. ఆయన కింద నేను చిన్న ఇంజనీరుని. ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో మీరు చూడలేదనుకోండి.

కెమెరా అన్నీ చూస్తుంది, అందుకే అది కన్ను కాదని ఆయన వాదన. మనిషి కన్ను నడిమధ్య కాస్త మేరే స్పష్టంగా చూసి, మిగతాది అలికేస్తుందట. మేం కిందామీదా పడి బొమ్మ స్పష్టంగా తెప్పిస్తే, ఆయనొచ్చి శ్రద్ధగా చెడగొట్టి వెళ్ళేవాడు. నడుం దాకా ఉన్న జుట్టుని పెద్దమ్మ మెడ దాకా కత్తిరించుకుంటే వారం పాటు ఆయన గమనించనే లేదు. ఆవిడ నిలదీస్తే, సిగ్గుపడాల్సింది పోయి, తన సిద్ధాంతం రుజువైందని పొంగిపోయాడు. ఆ పూట ఆయనకి భోజనం కూడా కనబడలేదు.

మా డైరెక్టరుగారికి మాత్రం అన్నీ కనబడాలి. తొలి కన్ను మా గదిలోనే బిగించి, పనివేళ కునుకు తీసేవాళ్ళని పట్టి ఇంటికి పంపాలని ఆయన ముచ్చట. ఆ మాట వినగానే నాకు అక్క గుర్తొచ్చింది. మా గదిలో అద్దాలు సానపట్టే ఆవిడని అందరం అక్కా అనే పిలుస్తాం. రాత్రంతా ఆసుపత్రిలో తల్లి దగ్గర కూర్చుని, మధ్యాహ్నం బల్ల మీదే తల వాల్చేస్తుంది. తల్లి వైద్యం నడిచేది ఆ జీతంతోనే. ఏదో ఒకటి చెయ్యమని పెదనాన్నని బతిమాలాను.

"కన్ను మనిషిదైతే భయం దేనికిరా?" అని, దాన్ని ఇంకాస్త చెడగొట్టడానికి వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు డైరెక్టరుగారు మా గదిలో కుర్చీ వేయించుకుని, కళ్ళు మూసుకుని, పనిలో శ్రద్ధ గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. గోడ మీది కన్ను అందరినీ కలియజూస్తోంది. ఆ ఉపన్యాసం వింటూ మొదట అక్క తల వాలింది, ఆ తర్వాత సాక్షాత్తూ ఆయనదే. నోరు తెరిచి గురక కూడా పెట్టారు. మెలకువ రాగానే మొహం పాలిపోయి, కన్ను చూసిందంతా తెర మీద వెయ్యమన్నారు. వేశాం. అక్క తల వాలుతుండగానే కన్ను పక్కకి తిరిగింది. ఆయన తల వాలుతుంటే కిటికీ వైపు తిరిగి, అక్కడున్న కర్టెన్ని ఎంతో ఆసక్తిగా చూస్తూ ఉండిపోయింది.

"ఇది ఇంతేనా?" అన్నారు డైరెక్టరుగారు.

"మర్యాదస్తుల కన్ను ఇంతేనండి. నిద్రపోయే మొహాన్ని తేరిపార చూడదు," అన్నాడు పెదనాన్న.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, కన్ను బ్రహ్మాండంగా కుదిరిందని, దాన్ని ఇక ఎవరూ ముట్టుకోవద్దని సెలవిచ్చారు.

ఇన్నాళ్ళూ పెదనాన్న కనబడ్డవాళ్ళనల్లా "ఏం చూడలేదు?" అని ఎందుకు వేధించాడో నాకప్పుడు తెలిసింది. మంచివాళ్ళు ఏమేం చూడకుండా వదిలేస్తారో ఆయన నేర్చుకుంటున్నాడు. ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

మర్నాడు పొద్దున్న అక్క బల్ల మీద కొత్త దిండు ప్రత్యక్షమైంది. దాన్ని చంకలో పెట్టుకుని పెదనాన్న మెట్లెక్కడం నేను చూడలేదు.