బఠాణీ లోడుకు మిర్చి కట్టు

మోకు చివర రెండు చేతులకూ చుట్టుకుని, ఎడమకాలు లారీ చక్రానికి తన్నిపట్టి ఒక్క లాగు లాగాను. లోడు మీద టార్పాలిన్ పట్టా డోలు తోలులా బిగిసింది. గాలి చొరబడకుండా ఇలా కట్టడం గుంటూరు మిర్చి లారీలు తోలుతూ ఇరవై రెండేళ్లు చేసిన పని. వాన పడినా మంచు కురిసినా నా టిక్కీ బస్తాల్లో ఒక్క కాయ నల్లబడలేదు. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను.

ఈ లోడు ఢిల్లీ పక్కన సోనీపత్‌లో, రాజీవ్ అనే రైతు కూరగాయల పొలంలోది. అతనికి లారీ ఉంది, డ్రైవరు లేడు. "ఈ పచ్చి బఠాణీ గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీకి చేర్చు. సరుకు బాగా దిగితే ఉద్యోగం నీదే" అన్నాడు. నాకది కావాలి. ఢిల్లీ వచ్చిన ఏడాదిగా ముఖర్జీ నగర్‌లో మా ఆవిడ నాగమల్లేశ్వరి నడిపే మెస్‌లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కోచింగ్ తీసుకుంటూ రేపు కలెక్టర్లు కావలసిన పిల్లలు "అంకుల్, ఇంకొంచెం సన్నగా" అని నాకు సలహాలిస్తుంటారు.

ఆ రోజు మెస్‌కు సెలవు. ఉద్యోగంతో పాటు పొలంలో ఇచ్చే గది చూడాలని ఆవిడ కూడా వచ్చింది. నా కట్టు చూసి రాజీవ్ "ఇంత గట్టిగానా, భాయ్‌సాబ్?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని మీసం తిప్పాను. నేనూ ఆవిడా లారీ ఎక్కాం.

టోల్ గేటు ముందు ఏదో బండి అడ్డంగా ఆగిపోయింది. రెండున్నర గంటలు కదలిక లేదు. మార్చి ఎండ. నేను మిర్చి కథలు చెబుతుంటే వినలేక కాబోలు, ఆవిడ దిగి లారీ చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏమయ్యా, వెనక ఏదో ఉడికిన వాసనొస్తంది."

"ఏ ఫ్యాక్టరీదో పొగ అయ్యుంటది."

"రోజూ వండేదాన్ని, నాకు చెప్పమాక. దిగు."

పట్టా అంచు ఎత్తి గోతంలోకి చేయి దూర్చింది. వెంటనే తీసేసింది.

"నువ్వు తోలేది లారీనా, కుక్కరా? పచ్చి బఠాణీకి గాలాడాలయ్యా. మూతి బిగించి పెడితే వెచ్చబడి పసుపెక్కుద్ది. మెస్‌లో నీ కళ్లముందే కదా బుట్టల్లో ఆరబోసేది?"

"నాది ఉల్లిపాయల సెక్షన్ కదే."

"నోరు మూసుకుని ముళ్లిప్పు."

విప్పడానికి అరగంట పట్టింది. నా ముళ్లు నా మాటే వినలేదు. ఒక ముడి దగ్గర పళ్లు కూడా వాడాను. పక్కల పట్టా పైకి చుట్టేసి, నెత్తిన నీడకు మాత్రం ఉంచి, గోతాలకూ గోతాలకూ మధ్య జానెడు సందు వచ్చేలా ఇద్దరం సర్దాం. పక్క లారీవాళ్లు టీ తాగుతూ చూశారు.

రాజీవ్‌కు ఫోన్ చేశాను. ట్రాఫిక్ జామ్ వల్ల అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ నడుం మీద చేయి వేసుకుని నిలబడి ఉంది.

"తప్పు నాది సాబ్. మిర్చికి కట్టినట్టు కట్టాను. సరుకు వెచ్చబడింది. మా ఆవిడే కనిపెట్టి విప్పించింది."

"దించాక ఎన్ని గోతాలు పోయాయో చెప్పు" అని పెట్టేశాడు.

ఫ్యాక్టరీలో సరుకు పరీక్ష చేసే మనిషి ప్రతి గోతంలోనూ థర్మామీటర్ గుచ్చాడు. అతను గుచ్చినప్పుడల్లా నాకే గుచ్చుకుంది. నడిమి వరసలోవి ఆరు పక్కన పెట్టించాడు. మిగిలిన తొంభై నాలుగూ కాటా వైపు పంపించాడు. మళ్లీ ఫోన్ చేసి, ఆరు అని చెప్పాను.

"ఆరేనా? ముందున్న డ్రైవరు సగం లోడు పాడుచేసి, మీ పంటే అంత అన్నాడు" అన్నాడు రాజీవ్. "రేపు ఏడింటికి క్యారెట్ లోడు ఉంది, వచ్చెయ్. పట్టా మాత్రం దీదీని అడిగి కట్టు."

"ఠీక్ హై సాబ్" అన్నాను. పక్కనుంచి ఆవిడ "క్యారెట్‌కీ గాలాడాలి" అంది.

చివరి గోతం కాటా మీంచి దిగింది. పరీక్ష చేసిన మనిషి రసీదు మీద ముద్ర కొట్టాడు. 'పనికిరానివి ఆరు' అని రాసిన చోట సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చాను.