స్పోర్ట్స్ కారు బ్యాటరీకి నేను చేసిన చలికాలపు సేవ

ఒక మనిషి ఒక కారును కనీసం వేలితో తాకకుండా ఎలా చంపగలడో తెలుసుకోవాలని ఉంటే ఈ నాలుగు ముక్కలూ చదవండి. ఆ మనిషిని నేనే. ఆ కారు నాది కాదు. పైగా అప్పట్లో నేను జీతం తీసుకుంటున్నది బ్యాటరీల ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ రాసినందుకు. ఈ చివరి సంగతి మీరు వీలైతే మరిచిపోండి. మా ఆవిడ మాధవి మటుకు ఇంతవరకూ మరిచిపోలేదు.

మేముండేది మిషిగన్‌లో, నోవై అనే ఊళ్ళో. ఇక్కడ చలికాలం చుట్టపుచూపుగా రాదు, పెట్టే బేడా సర్దుకుని కాపురానికి వస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని ఊరగాయ ఇనుప మూతను తిన్నట్టు తినేస్తుంది. అందుకని స్పోర్ట్స్ కార్లున్న వాళ్ళు నవంబరు రాగానే వాటిని గరాజ్‌లో పెట్టి, దుప్పటి కప్పి, ఏప్రిల్ దాకా నిద్రపుచ్చుతారు.

డాక్టర్ రామ్మోహన్ గారింట్లో అలాంటి కారు ఒకటి ఉండేది. ఎర్రటిది, ఇద్దరే పట్టేది, రోడ్డుకు జానెడు ఎత్తులో పాకుతూ పోయేది. ఆయన గుంటూరు నుంచి యాభై ఏళ్ళ కిందట వచ్చిన గుండె డాక్టరు. రిటైరయ్యాక పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న కాండో ఫ్లాట్‌లోకి మారారు. అక్కడి గరాజ్‌లో ఒక్క కారే పడుతుంది. ఆ ఏడు చలికాలమంతా ఫ్లోరిడాలో గడపాలనుకుని, ఎర్ర కారును మా గరాజ్‌లో ఉంచుకోమని నన్ను అడిగారు. అంత పెద్దాయన అడిగితే కాదంటానా? మాధవిని సంప్రదించాలన్న ఆలోచన ఒప్పుకున్న తరువాత వచ్చింది.

"రెండు కార్ల గరాజ్ మనది," అంది మాధవి. ఆవిడది కరీంనగర్. కోపం వచ్చినప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది. "ఒకటి నీది. ఇప్పుడు ఇంకోటి డాక్టర్ అంకుల్ది. మరి నా కారు ఏడ ఉంటది?"

"బయట, డ్రైవ్‌వేలో."

"మంచుల."

"అయిదు నెలలే కదా."

మర్నాడు మాధవి మంచు గీకే బ్రష్ ఒకటి కొని తెచ్చి, అన్నం తినే బల్ల మీద, నా కంచం పక్కన పెట్టింది.

నవంబరు మొదటి శనివారం డాక్టర్ గారు ఎర్ర కారు తెచ్చి మా గరాజ్‌లో పెట్టారు. వెనకాలే ఆయన భార్య శకుంతల ఆంటీ మామూలు కారులో వచ్చారు. ఆవిడా డాక్టరే, పాథాలజిస్టు. అంటే రోగి మొహం చూడకుండా గాజుపలక మీది ముక్కను చూసి రోగం చెప్పే రకం. మాటలు తక్కువ. ఆ రోజు కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద చేయి వేసి, "జాగ్రత్త," అన్నారు. నాతో అన్నారనుకున్నాను. కారుతో అన్నారని తరువాత అర్థమైంది.

డాక్టర్ గారు నాకు కారు తాళమూ, ఒక కాగితమూ, అరచేతిలో పట్టేంత చార్జరూ ఇచ్చారు. కాగితం నిండా సూచనలు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. డాక్టరు రాసింది చదవగలిగినప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ప్రిస్క్రిప్షనా అంకుల్?"

"నిద్రపోతున్నా కారు కరెంటు తాగుతూనే ఉంటుందయ్యా. అలారం ఉంది, గడియారం ఉంది. ఈ చార్జర్ ఆ తాగినంతా సన్నసన్నగా నింపుతూ ఉంటుంది. పచ్చ లైటు వెలిగితే నిండినట్టు. నారింజ రంగైతే ఎక్కుతున్నట్టు. ఎర్రదైతే నాకు ఫోన్ చెయ్యి. మధ్యలో ముద్దొచ్చింది కదా అని ఇంజన్ స్టార్ట్ చేయకు. రెండు నిమిషాలు నడిపి ఆపితే బ్యాటరీకి లాభం కన్నా నష్టమే ఎక్కువ."

"అంకుల్, నా ఉద్యోగమే ఇది."

"అందుకే కదా నీకు అప్పగిస్తున్నది," అన్నారాయన.

బానెట్ సందులోంచి బయటికి వచ్చిన సన్నటి తీగకు చార్జర్ తగిలించి, వెనక గోడకున్న ప్లగ్గులో పెట్టాం. నారింజ లైటు వెలిగింది. సాయంత్రానికి పచ్చబడింది. నేను ఫొటో తీసి ఆయనకు పంపించాను. తరువాత వంటింటి గుమ్మం పక్కనున్న స్విచ్ నొక్కి గరాజ్ లైటు ఆర్పి లోపలికి వెళ్ళాను. మనిషి లేనిచోట లైటు వెలిగితే నాకు తిన్నది అరగదు. ఈ గుణానికి నన్ను నేను చాలాసార్లు మెచ్చుకున్నాను కూడా.

ప్రతి ఆదివారం ఫ్లోరిడా నుంచి ఫోన్ వచ్చేది.

"ఏమయ్యా శ్రీధర్, పేషెంట్ ఎలా ఉంది?"

"స్టేబుల్ అంకుల్."

"ఫొటో పంపించు."

గరాజ్‌లోకి వెళ్ళి, లైటు వేసి, చార్జర్ వంక చూసి, ఫొటో తీసి, లైటు ఆర్పి వచ్చేవాణ్ణి. డిసెంబరు మధ్య దాకా కాసేపట్లో పచ్చబడేది. క్రిస్మస్ నాటికి ఎంతసేపు చూసినా నారింజ రంగే. నాకేమీ దిగులు కలగలేదు. పాపం, చలికి కష్టపడి పని చేస్తోందనుకున్నాను. అయితే నారింజ ఫొటో పంపితే పెద్దాయన కంగారు పడతారు. గుండె డాక్టరుకైనా గుండె ఉంటుంది కదా. అందుకని ఆ ఒక్కసారికి నవంబరు నాటి పచ్చ ఫొటోనే మళ్ళీ పంపించాను.

అబద్ధంలో ఒక సుఖం ఉంది. మొదటిసారి చెప్పడమే కష్టం, రెండోసారి నుంచి అదే దారి చూపిస్తుంది. జనవరిలో అదే ఫొటో. ఫిబ్రవరిలో అదే ఫొటో. ఆ నెలాఖరుకు చార్జర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమనడం మొదలైంది. దాన్ని పీకి మళ్ళీ పెట్టాను, దులిపాను, ఊదాను. ఇంజనీరుగా నాకు తెలిసిన విద్యలు అక్కడితో అయిపోయాయి. చార్జరే పాడై ఉంటుంది, ఏప్రిల్ లోపు కొత్తది కొందాం, తొందరేముంది అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అన్నారు గానీ, బ్యాటరీ సంగతి ఎవరూ అనలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో డాక్టర్ గారు ఫోన్ చేశారు.

"వచ్చేశామయ్యా. శనివారం పొద్దున్నే వస్తాం. పది గంటలకల్లా కారు సరస్సు ఒడ్డున, లేక్‌షోర్ దగ్గర ఉండాలి, ముఖ్యమైన పని. రెడీయే కదా?"

"రెడీ అంకుల్," అన్నాను. నా నోరు నన్నడగకుండా మాట్లాడుతుంది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే గరాజ్‌లోకి వెళ్ళాను. దుప్పటి తీసి, తాళంలోని బటన్ నొక్కాను. కారు పలకలేదు. ఇంకోసారి నొక్కాను. ఎర్ర లైటు మిణుకుతోంది. దాని ముందు గొంతుక్కూర్చుని అలాగే చూస్తూ ఉండిపోయాను. మాధవి గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకెంతసేపు చూస్తవ్ దాని మొహం? అన్నం చల్లగైతుంది," అంటూ స్విచ్ నొక్కింది.

నేను చీకట్లో పడ్డాను. చార్జర్ కూడా చీకట్లో పడింది.

"మాధవీ, లైటు వెయ్యి."

వేసింది. ఎర్ర లైటు మిణుకుమంది.

"తియ్యి."

తీసింది. పోయింది.

"వెయ్యి."

"ఏందిది, దీపావళా?" అంటూ ఆవిడ లోపలికి వచ్చి చార్జర్ వంకా, గోడ వంకా, స్విచ్ వంకా చూసింది. ఇల్లు కట్టినవాడు ఆ వెనక గోడ ప్లగ్గుకూ పైన లైటుకూ కలిపి ఒకటే స్విచ్ పెట్టాడు. అది అర్థం కావడానికి ఆవిడకు పది సెకన్లు పట్టింది. నాకు అయిదు నెలలు.

"అంటే లైటు ఆర్పినప్పుడల్లా చార్జర్ కూడ బంద్ అయింది. నువ్వు చూస్తున్నంతసేపే అది నడిచింది."

"అవును."

"వారానికి ఎంతసేపు చూస్తవ్?"

"మొదట్లో పావుగంట. ఈమధ్య రెండు నిమిషాలు."

మాధవి గొంతు ఇంకాస్త తగ్గింది. "ఆ రెండు నిమిషాల కోసం నా కారు చలికాలమంతా బయట నిలబెట్టినవ్."

ఆ పూట నేను చల్లటి అన్నమే తిన్నాను.

గరాజ్ లైటు తెల్లవార్లూ వేసే ఉంచాను. లాభం లేకపోయింది. మరీ అడుగంటిన బ్యాటరీని ఈ చార్జర్లు బ్యాటరీగానే లెక్కచేయవట. శనివారం ఎనిమిదిన్నరకు పైజమాలో, ఇంటి చెప్పులతో గరాజ్‌లో నిలబడి, క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలా అని వల్లె వేసుకుంటుంటే డ్రైవ్‌వేలో కారు ఆగిన చప్పుడైంది. ముందు ఆంటీ దిగారు. చుడీదార్ మీద తోలు జాకెట్, చేతులకు గ్లవ్స్, భుజానికో సంచీ. వెనకాల అంకుల్, కాఫీ కప్పుతో.

"తాళం," అన్నారు ఆంటీ.

నేను తాళాన్ని అలవాటుగా అంకుల్ చేతిలో పెట్టబోయాను.

"నాకెందుకయ్యా?" అన్నారాయన. "అందులో కూర్చుంటే నాకు నడుం పట్టేస్తుంది. కారు ఆవిడది. రిటైరైన రోజున కొనుక్కుంది. నేను అప్పుడప్పుడు పార్క్ చేసి పెడతానంతే."

కాగితం మీది ముత్యాల అక్షరాలు ఎవరివో అప్పుడు తెలిసింది. ఆ రోజు స్పోర్ట్స్ కార్లున్న ఆడవాళ్ళ జట్టు ఒకటి సరస్సు ఒడ్డున బయలుదేరుతుందనీ, ఏడేళ్ళుగా వెనకాల వెళుతున్న ఆంటీని ఈ వసంతంలో మొదటిసారి ముందు నడవమన్నారనీ అంకుల్ చెప్పారు. వల్లె వేసుకున్న క్షమాపణను అంకుల్ వైపు నుంచి ఆంటీ వైపు తిప్పాను.

"ఆంటీ, ఒక చిన్న సమస్య..."

"బ్యాటరీ చచ్చిపోయింది," అన్నారావిడ, లాబ్ రిపోర్టు చదువుతున్నట్టు. "జనవరి నుంచీ తెలుసు."

"ఎలా?"

ఆవిడ ఫోన్ తీసి నేను పంపిన ఫొటోలు వరసగా చూపించారు. పచ్చ లైటు. పచ్చ లైటు. పచ్చ లైటు. తరువాత గ్లవ్ వేసుకున్న వేలితో ఫొటో మూలకు జరిపారు. చార్జర్ వెనకాల, నేల మీద, హాలోవీన్ పండక్కి తెచ్చి, కళ్ళూ నోరూ కోసి, పారేయడం మరిచిపోయిన గుమ్మడికాయ ఒకటి నిగనిగలాడుతోంది.

"ముప్పై ఏళ్ళు కుళ్ళిన ముక్కలు చూసి బతికాను బాబూ. కోసి నాలుగు నెలలైనా కుళ్ళని గుమ్మడికాయను నేనెక్కడా చూడలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. నిజంగానే నా చేతులు భుజాల మీదికి పోయాయి.

"మరి అప్పుడే అడగలేదేం ఆంటీ?"

"నువ్వే చెబుతావని చూశాను," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత జరిగింది చూస్తే ఆవిడ ఆ పని ఏడాదికోసారి చేస్తారేమో అనిపించింది. తాళంలో దాగి ఉన్న చిన్న ఇనుప తాళంచెవి లాగి తలుపు తీశారు. కరెంటు లేనిదే ఆ కారు బానెట్ తెరుచుకోదు. డ్రైవరు కాళ్ళ దగ్గరున్న ఫ్యూజుల డబ్బాలోంచి ఎర్రటి కొక్కెం ఒకటి బయటికి లాగి, సంచీలోంచి జంప్ ప్యాక్, అంటే చచ్చిన బ్యాటరీని లేపే కరెంటు డబ్బా, తీసి దాని వైరు ఆ కొక్కేనికి తగిలించారు. బానెట్ టక్కుమని తెరుచుకుంది.

"ఉబ్బిందేమో ముందు చూడాలి. ఉబ్బినా, గడ్డకట్టినా ముట్టుకోకూడదు," అంటూ బ్యాటరీని అన్ని వైపులా వంగి చూశారు. ఉబ్బలేదు. దేవుడు ఒక్కోసారి అనర్హుల్ని కూడా కాపాడతాడు. జంప్ ప్యాక్ వైర్లు బ్యాటరీకి మార్చి, లోపల కూర్చుని బటన్ నొక్కారు. కారు ఒకసారి దగ్గి, మా గరాజ్ తలుపు అదిరేలా గర్జించింది.

"ఎక్కు," అన్నారు నాతో, వైర్లు పీకి బానెట్ మూస్తూ.

"నేనా? పైజమా ఆంటీ."

"కారుకి అభ్యంతరం లేదు. జంప్ ప్యాక్ ఒళ్ళో పెట్టుకో."

హైవే మీదికి ఎక్కే మలుపులో ఆవిడ యాక్సిలరేటర్ మీద కాలు వేశారు. నా పొట్ట నోవైలోనే ఉండిపోయింది. మిగతా శరీరం ముందుకు వెళ్ళింది. ఆంటీ మటుకు పూజలో కూర్చున్నంత ప్రశాంతంగా ఉన్నారు.

పదికి నాలుగు నిమిషాలుండగా సరస్సు ఒడ్డుకు చేరాం. ఏడు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఏడుగురు ఆడవాళ్ళు కాఫీ తాగుతూ నా ఇంటి చెప్పుల వంక చూశారు. వాళ్ళలో ఒకావిడ ఆంటీని ఇంగ్లీషులో అడిగింది, ఇతనెవరని.

"ఆగిపోతే తోయడానికి తెచ్చాను," అన్నారు ఆంటీ.

కారు ఆగలేదు. రెండు గంటల సేపు ఆవిడే ముందు నడిచారు. నేను జంప్ ప్యాక్‌ను చంటిపిల్లలా పొదివి పట్టుకుని పక్కన కూర్చున్నాను. మర్నాడు కొత్త బ్యాటరీ నేనే తెచ్చి బిగించాను. ఆంటీ దగ్గర నిలబడి చూశారు.

కనుక, ఇంతదాకా ఓపిగ్గా చదివిన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏది చూసి చెప్పమన్నా, అది బ్యాటరీ కానీ, పొయ్యి మీది పాలు కానీ, ఆ రోజు వెళ్ళి, ఆ రోజు చూసి, పచ్చగా ఉంటే పచ్చనీ, ఎర్రగా ఉంటే ఎర్రనీ చెబుతాను. ఇది నేను పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, ప్యాంటు వేసుకుని రాసి ఇస్తున్న మాట.