కాయ మళ్ళీ కాయైన రోజు

మా బావ చెప్పే కథ అబద్ధం. మొన్న పలాసలో పెళ్ళి భోజనాల దగ్గర కూడా, దేవుడంటే లెక్కలేని పైలట్ ఒకడు కొబ్బరికాయ కొట్టారన్న కోపంతో విమానం ఆపేశాడనీ, తన తండ్రి నాలుగు దులిపేసరికి నోరు మూసుకుని నడిపాడనీ చుట్టూ జనాన్ని పోగేసుకుని చెబుతుంటే, గారె విస్తట్లో వదిలేసి మరీ అడ్డం పడ్డాను. ఆ రోజు అక్కడ బావ లేడు, నేనున్నాను. వాళ్ళ నాన్న, అంటే మా మేనమావ, ఆ నాలుగు మాటలూ అన్నది నా చెవి పక్కనే.

"మనోలి పక్కన ఒక్కపాలైనా మాటాడవేటే నువ్వు?" అన్నాడు బావ. మనవాళ్ళు తప్పు చెబితే మాట్లాడను.

డిగ్రీ అయ్యాక విశాఖలో ఒక చిన్న విమానాల కంపెనీలో చేరాను, ఇప్పుడా కంపెనీయే లేదు. ఆడపిల్లకు విమానాల దగ్గర పనేమిటని ఇంటిల్లిపాదీ సణుగుతుంటే, కవిటి నుంచి పనిగట్టుకుని వచ్చి మా నాన్నను ఒప్పించింది మావే. కొన్నాళ్ళకు కొత్త సర్వీసు మొదలుపెడుతూ పూజ పెట్టుకున్న మేనేజరు గారు, ఉద్దానం పిల్లవు కదా, మంచి కాయలు తెప్పించమ్మా అన్నారు. మావ తన తోట కాయలు గోనెసంచికి ఎత్తుకుని, అత్తను వెంటబెట్టుకుని బస్సులో దిగిపోయాడు. అంత దూరం మోసుకొచ్చినందుకు మర్యాదగా ఇద్దరికీ ఆ మొదటి విమానంలోనే సీట్లిచ్చారు. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎండలో, గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుంటూ, విమానం దాకా మన కాళ్ళతో మనమే నడిచి మెట్లెక్కేవాళ్ళం. పట్టుచీరలో అత్త, ఇస్త్రీ పంచెలో మావ, ఆ విమానం వాళ్ళ కోసమే వచ్చినట్టు నిలబడ్డారు.

ఏర్పాట్లు పద్ధతిగానే చేశారు, విమానానికి ఎడంగా బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో రాయి, ముక్కలు చెదరకుండా కింద గుడ్డ. కోటు వేసుకున్న మేనేజరు గారు కాయను ముద్దుగా తట్టారు, పగల్లేదు. మళ్ళీ తట్టారు. మావ చేతులు ఊరుకోలేదు. మా వైపు కొత్త బండి తెచ్చినా, బారువలో కొత్త పడవ నీళ్ళలోకి దింపినా కాయను నేలకేసి కొడతారు, ఎంత దూరం చెదిరితే అంత దిష్టి పోయినట్టు.

"అలాగేటి బాబూ, గుడ్డు కొట్టినట్టు? ఇటు తెండి" అని లాక్కుని, తిన్నగా విమానం ముందు చక్రం దగ్గరకు పోయి కాంక్రీటు మీద ఫెడీమని కొట్టాడు. అందరూ చప్పట్లు.

బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి రెక్కలూ టైర్లూ చూసుకుంటున్న కెప్టెన్ గారు సరిగ్గా అప్పుడే ఇటువైపు వచ్చారు. ఉత్తరాది మనిషి. ఆయన ఇంగ్లీషుకీ మావ తెలుగుకీ మధ్య నన్ను నిలబెట్టారు. ఇంజను తిరగడం మొదలెడితే నేల మీదున్నదాన్ని లోపలికి లాగేస్తుందనీ, ఒక్క చిప్ప ముక్క చాలు లోపలి రెక్కలు పాడవడానికనీ, టైరు కిందపడినా ప్రమాదమేననీ, అన్నీ దొరికేదాకా కదిలేది లేదనీ చెప్పారు. మేనేజరు గారు వచ్చిన పెద్దలను చూపించారు, గడియారం చూపించారు, బతిమాలారు. ఆయన కదల్లేదు. అప్పుడు మేనేజరు గారు నా పక్కకు వచ్చి, ఇవాళ ఈ విమానం ఎగరకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా అని మెల్లగా చెప్పి వెళ్ళారు.

చీపుర్లు వచ్చాయి, ముక్కలు పోగయ్యాయి. అన్నీ వచ్చాయని ఎలా తెలుస్తుంది? కాయను మళ్ళీ కాయలా చేసి చూపించమన్నారు కెప్టెన్ గారు.

"ఏటమ్మా, కొబ్బరిసిప్పకే ఇంత బయపడిపోతే ఈడు మనల్ని గాల్లోకేటి తీసుకెల్తాడే?" అన్నాడు మావ.

ఏమంటున్నారని కెప్టెన్ గారు అడిగారు. క్షమించమంటున్నారని చెప్పాను. పోయేది నా ఉద్యోగం కదా.

మావ కాంక్రీటు మీద మఠం వేసుకుని ముక్కకు ముక్క అతికించడం మొదలుపెట్టాడు. అత్త మాత్రం పండగ చేసుకుంది. "ఇంటికాడా ఇదే యవ్వారం బాబూ, ఈ మనిసి కాయ కొడితే మూలమూలా ఏరలేక నా నడుం పడిపోతాది. ఇయ్యాల ఏరుకోనీండి!" కాయ మళ్ళీ కాయైంది, కన్నుల పక్కన చిన్న సందు తప్ప. పెద్దలు, కోటు మేనేజరు గారు, నేను, అందరం వరసకట్టి వంగి నేలంతా వెతికాం. దొరకలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి చూశాకే అత్త నెమ్మదిగా కొంగుముడి విప్పింది.

"నేలమీదవి ఎతుకుతున్నారనుకున్నానమ్మా. ఇది ఇంటికాడ కోడలికి పెసాదమని తీసినాను."

కెప్టెన్ గారు ఆ ముక్కను సందులో పెట్టి, అటూ ఇటూ చూసి, మళ్ళీ తీసి రెండు చేతులతో అత్తకే ఇచ్చారు. అత్త కొబ్బరి గిల్లి పెడితే కళ్ళకద్దుకుని తిన్నారు. ఇదీ దేవుడంటే లెక్కలేని మనిషి కథ! ఈ ముక్క చెప్పినప్పుడల్లా బావకు చెవులు వినపడవు.

మెట్లెక్కుతూ ఆయన వెనక్కి తిరిగి, భయపడేవాడు నడిపితేనే ధైర్యంగా కూర్చోవచ్చని మీ మావకు చెప్పమ్మా అన్నారు. చెప్పాను. మావ నవ్విన నవ్వుకు భుజం మీది కండువా జారిపోయింది. విమానం లేచింది, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు సొరంగంలాంటి దారిలోంచి నేరుగా సీట్లోకి పోతాం. విమానం చుట్టూ తిరిగే మనిషి ఎవరి కంటా పడడు, కాస్త ఆలస్యమైతే చాలు, ఫోన్లలో తిట్లు మొదలు. తిట్టినా, ఆ తిట్టు ఆయన దాకా చేరదు. ఎదురుగా నిలబడి దెబ్బలాడిన మావ లేడు, ఆ కెప్టెన్ గారు ఎక్కడున్నారో తెలియదు. అన్నట్టు, భయం గురించి మావ అన్న మాటను నేను ఇంగ్లీషులోకి మార్చనే లేదు కదా, మరి ఆయనకు ఎవరు చెప్పారు?