స్టీరింగు పట్టిన దీవెనమ్మ

ఈస్టర్ వెళ్లిన మర్నాడు తెల్లవారేసరికే దీవెనమ్మ వ్యాను ఎక్కి కూర్చుంది. కుడివైపు, స్టీరింగు ముందు. ఇరవై ఆరేళ్లు అంగన్‌వాడీ పిల్లల్ని సాకి, యాభై దాటాక డ్రైవింగ్ స్కూల్లో చేరి, రెండోసారికి టెస్టు పాసై, లైసెన్సు కార్డుని బైబిల్లో దాచుకున్న మనిషి. రాత్రి ఆవిడకి కునుకు పడితే ఒట్టు.

ఆ వ్యాను ఒకప్పుడు స్కూలు బండి. సీట్లు పీకించి, ప్లైవుడ్ మంచం కొట్టించి, గ్యాస్ స్టవ్వూ నీళ్ల డ్రమ్మూ పెట్టించి, కిటికీలకి పువ్వుల కర్టెన్లు కుట్టి, దాన్ని ఇల్లు చేసింది ఆవిడే. పూడిమడక సముద్రపు ఒడ్డున రెండు రోజులుంటామని, వంటా పడకా బండిలోనేనని చర్చిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

పక్క సీట్లో భర్త వరదానం. ముప్పై ఒక్క ఏళ్లు అనకాపల్లి నుంచి కటక్ దాకా బెల్లం లారీ తోలిన డ్రైవరు. ఇంటికొచ్చినప్పుడల్లా బరంపురం, చిలకా అంటూ ఊళ్ల కబుర్లు చెప్పేవాడు. వింటూ ఇంట్లో కూర్చున్నది దీవెనమ్మ. ఇప్పుడా ఊళ్లన్నీ తనే బండి తోలుకుంటూ వెళ్లి చూడాలని ఆవిడ పంతం. దానికి ఆయన ఒక్కటే షరతు పెట్టాడు.

"పూడిమడక ఎల్లొచ్చేదాకా బండి తోలడం గురించి నోరిప్పను. దారిలో ఒక్కసారి నువ్వు స్టీరింగు నాకిచ్చేవంటే మాత్రం, మరింక తాళం నాదే."

"సరేనండి. చేతులు కట్టుకుని కూర్చోండి మరి," అంది దీవెనమ్మ, అంగన్‌వాడీ గొంతుతో.

మునగపాక దాటేదాకా ఆవిడ రెండో గేరు వదల్లేదు. అచ్యుతాపురం దగ్గర కంపెనీ లారీలు ఎదురొస్తుంటే వరదానం కాలు తన పక్క లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. ఆవిడ చూసి నవ్వుకుంది. ఒక ట్యాంకరుని దాటేసినప్పుడైతే గుండె గంతులేసింది. ఇంత సంతోషాన్ని ఇన్నాళ్లూ ఈయన ఒక్కడే అనుభవించాడా అని కాస్త కోపం కూడా వచ్చింది.

సముద్రం కనబడగానే ఇంక బుద్ధి నిలవలేదు. మంచం మీద పడుకుంటే తలుపులోంచి అలలు కనబడాలి, అంతే. రోడ్డు దిగి, పడవల పక్కనుంచి పొడి ఇసకలోకి పోనిచ్చింది. వరదానం గట్టిగా దగ్గాడు. నోరిప్పనన్నవాడి దగ్గుని ఎవరు లెక్కచేస్తారు. పది గజాలు పోయి వ్యాను ఆగిపోయింది. ఆవిడ తొక్కినకొద్దీ వెనక చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి.

"దిగు," అన్నాడు వరదానం. గొంతులో ఎగతాళి లేదు. ఆవిడకి అదే మరీ మండింది. "ఇలాటియి ఎన్ని తీసేను. పది నిమిషాల పని."

నిజమే, ఆయన తీయగలడు. తను దిగితే వ్యాను బయటపడుతుంది, తాళం పోతుంది. చూడాలనుకున్న ఊళ్లన్నీ మళ్లీ ఆయన చెప్పే కబుర్లయిపోతాయి. దీవెనమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది.

ఈలోగా వలలు బాగుచేసుకుంటున్న నలుగురు జాలర్లు లేచొచ్చారు. వాళ్లలో పెద్దాయన, పరదేశి, చక్రాలు చూసి అడిగాడు. "బండి ఎవలు తెచ్చేరు?"

"ఆవిడే. ఇప్పుడు నేను కూకుంటాను," అన్నాడు వరదానం.

"అదేటి బావా. అల మీదున్నప్పుడు మేం చుక్కాని సేతులు మార్చం. తెచ్చినోలే తీయాల. అమ్మా, నువ్వు దిగకు. బావా, నువ్వొచ్చి ముందునుంచి ఎనక్కి తొయ్యి."

వరదానం కిందికి దిగి, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ల మీద కూర్చుని ఇసకలో పట్టు దొరకాలని వెనక టైర్లలో గాలి కొంత తీశాడు. జాలర్లు పడవల కింద వేసే చెక్కలు తెచ్చి చక్రాల వెనక దోపారు. అందరూ వ్యాను ముందు భుజాలు ఆనించారు.

దీవెనమ్మ రివర్సు గేరు వేసి గట్టిగా తొక్కింది. చక్రాలు గిర్రున తిరిగి, ఇసకంతా వరదానం లుంగీ మీద పడింది. ఆవిడ ముందద్దంలోంచి ఆయన వంక చూసింది. ఆయన అరచెయ్యి ఎత్తి మెల్లగా కిందికి దించి చూపించాడు, నెమ్మదిగా తొక్కమని.

పరదేశి పడవలు లాగేటప్పటి హైలెస్సా పాట అందుకున్నాడు. మూడో హైలెస్సాకి ఆవిడ ఊపిరి బిగబట్టి, క్లచ్చి కొంచెం కొంచెంగా వదిలింది. వ్యాను చెక్క ఎక్కింది. అలాగే వెనక్కి, ఇంకా వెనక్కి వచ్చి రోడ్డు అంచున గట్టి నేల మీద నిలబడింది. దీవెనమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"ఆ ఎనక సదును మీద ఎట్టుకోండి. సముద్రం అక్కడ్నుంచీ కనబడతాది," అన్నాడు పరదేశి.

వరదానం రొప్పుతూ వచ్చి కుడివైపు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. దీవెనమ్మ స్టీరింగు వదల్లేదు. ఆయన ఆవిడ చేతుల వంక కాసేపు చూశాడు. పిడి వదిలేసి, వ్యాను వెనక్కి నడిచి, బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్, రైట్. ఎనక్కి రానీ," అని కేకేశాడు. ముప్పై ఒక్క ఏళ్లు క్లీనర్లు ఆయనకి వేసిన కేక అది. దీవెనమ్మ పక్క అద్దంలో ఆయన్ని చూసుకుంటూ వ్యానుని వెనక్కి పోనిచ్చింది.