ఎడమ ఊపిరితిత్తి దారి

నేను సంగారెడ్డిల ఒక దవాఖానల మత్తు డాక్టర్ను. ఒక పాప నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు నాలుగేండ్లు. జిన్నారం దిక్కు ఊరు. నాయన పొలం చేసుకుంటనే పాశమైలారంల మందుల కంపెనీకి డ్యూటీకి పోయేటోడు. పుట్టుకతోనే పాప కండల్ల బలం లేదు. నడవలేదు, గట్టిగ దగ్గలేదు. మాటలు మాత్రం గలగల.

"మా బర్రె ఈనింది. దూడ మస్తు అల్లరి చేస్తది," అన్నది, మాస్కు పెడుతుంటె.

"నాకు చూపిస్తవా?"

"మా ఇంటికి రా మరి," అనుకుంటనే కండ్లు మూసింది.

నిమ్ము చేసి ఎడమ ఊపిరితిత్తి తెమడతోని మూసుకపోయింది. గొంతుల వేసిన గాలిగొట్టంలకెళ్లి సన్నటి పైపు దించి, ఆ తెమడ గుంజాలె. కుడి ఊపిరితిత్తికి దారి సీదగ ఉంటది. ఎడమది పక్కకు వంగి ఉంటది. అందుకే పైపు ఎప్పుడూ కుడికే జారుతది. నాకు పని నేర్పిన సారు ఒక ఉపాయం చెప్పిండు: కొన వంగిన పైపు తీసుకొని, ఆ కొన ఎడమకు ఉండేటట్టు పట్టి, పిల్ల తలను కుడిదిక్కు తిప్పాలె. అడ్డం తగిలితె నూకొద్దు. గుంజేటప్పుడు ఊపిరి అందది కాబట్టి జల్దీ బయటికి తియ్యాలె.

గట్లనే చేసిన. మొదటిసారి కుడికే పోయింది. తీసి, ఆక్సిజన్ ఇచ్చి, తల ఇంకింత తిప్పి మళ్ల దించిన. ఈసారి ఎడమకు పోయింది. జిగురు లెక్క తెమడ వచ్చింది. స్టెతస్కోపు పెడితె ఎడమదిక్కు గాలి చప్పుడు. ఎంత సంబురమయ్యిందో! వారం తిరగకముందే నాయన చంకనెక్కి, నాకు చెయ్యి ఊపుకుంట ఇంటికి పోయింది.

వానకాలంల మళ్ల తీసుకొచ్చిండ్రు. ఈసారి మాటల్లేవు. మత్తిచ్చి ఎడమది సాఫు చేసిన. అది తెరుచుకునేసరికి కుడిది మూసుకున్నది. కుడిది తీస్తె ఎడమది. దారి ఎంత తీసినా, తనంతట తాను దగ్గే బలం నేనెక్కడికెళ్లి తేవాలె? పొద్దుగూకకముందే గుండె ఆగింది. ఛాతి వత్తినం, సూదులిచ్చినం. పానం మళ్ల రాలేదు.

బయటికొచ్చి చెప్పిన. తల్లి గోడకు ఆనుకొని అట్లనే కిందికి జారింది. నాయన నా చేతులే చూసుకుంట నిలబడ్డడు.

"పైపు వేసినప్పుడు నొప్పయ్యిందా మేడమ్?"

"లేదన్నా. మత్తుల ఉండె. తెల్వదు."

"నన్ను పిలిచిందా?"

"లేదు."

ఆ మాటకు ఏడ్చిండు. అప్పటిదాంక ఏడ్వలేదు. పిలిచిందని చెప్తె బాగుండునో, చెప్పకపోవుడే మంచిదయ్యిందో నాకిప్పటికీ తెల్వదు.

మొన్న పటాన్‌చెరు బస్‌స్టాపుల కనబడ్డడు, కంపెనీ డ్రెస్సుల. నన్ను గుర్తుపట్టి దండం పెట్టిండు.

"ఇంట్ల ఎట్లున్నరన్నా?"

"ఉన్నం మేడమ్. మా ఆమె ఎవరితోని మాట్లాడతలేదు. పక్కింటి పిల్లలు ఆడుకుంటుంటె తలుపేసుకుంటది."

కంపెనీ బస్సొచ్చింది. "డ్యూటీ టైమయ్యింది," అని ఎక్కిండు.