నాలుగో పిన్ను

ఆ కంప్యూటర్ల షాపులో ఆమెను అందరూ సూదక్క అనేవారు. పాత రకం ప్రాసెసర్ అడుగున వెయ్యికి పైగా పిన్నులుంటాయి, వెంట్రుకలంత సన్నగా. వాటిలో ఒక్కటి వంగినా కంప్యూటర్ నోరు మెదపదు. మామూలు కుట్టు సూదితో ఆ పిన్నును లేపి, వరసలో నిలబెట్టడం ఆమె పని. ఇరవై ఏళ్లు అదే చేసింది.

తర్వాత పిన్నుల్లేని కొత్త ప్రాసెసర్లు దిగాయి. "ఇక నీ సూదితో ఊడిన గుండీలు కుట్టుకో అక్కా!" అన్నాడు ఓనరు. కిటికీ పక్కనున్న ఆమె బల్ల తీయించి, అక్కడ కొత్త డబ్బాలు పేర్చి, ఆమెను బిల్లుల దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె నమ్మేసింది. పాతదానికి కాలం చెల్లిందని తేల్చింది కొనేవాళ్లు కాదు, అమ్మేవాళ్లు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లోనే ఆడబిడ్డ వచ్చి అడిగింది. "వదినా, నాకూ ఆ పని నేర్పవా? నీ పక్కనే ఓ మూల కూర్చుంటాను."

"దానికి నూకలు చెల్లాయే తల్లీ. వేరే పని చూసుకో."

ఆడబిడ్డ గోడౌనులో పెట్టెలకు టేపు వేసే పనిలో చేరింది.

మూడేళ్లు తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. కొత్త ప్రాసెసర్ పెట్టాలంటే బోర్డూ మార్చాలి, మెమరీ మార్చాలి. ఆ మెమరీ ధర విని జనం గుడ్లు తేలేశారు. ఉన్నదాన్నే నిలబెట్టుకుందామని పాతవాటికోసం ఎగబడ్డారు. కొత్త డబ్బాలు దుమ్ము పట్టాయి. పాతవి వచ్చినవి వచ్చినట్టే పోయాయి. బల్ల మళ్లీ కిటికీ పక్కకొచ్చింది. ఈలోగా సూదక్క కళ్లకు మసక కమ్మింది.

ఒక మధ్యాహ్నం డీటీపీ చేసే అతను ఓ ప్రాసెసర్‌ను రుమాల్లో చుట్టి తెచ్చాడు. దుమ్ము దులుపుదామని పైనున్న ఫ్యాన్ పీకితే, ఇదీ దానికి అంటుకుని ఊడొచ్చిందట. ఒక మూల నాలుగు పిన్నులు పడుకున్నాయి.

"దులిపావా, దున్నావా?"

"తిట్టక్కా, పడతాను. దీన్ని మాత్రం బతికించు. ఇల్లు దీనిమీదే నడుస్తోంది."

షాపులో అలాంటిది మరొకటి లేదు. మళ్లీ ఎప్పుడొస్తుందో ఓనరుకే తెలియదు.

మూడు పిన్నులు లేచాయి. నాలుగోది ఒకటికి రెండుగా కనిపించింది. కళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి సూది ఆనించింది. చప్పుడైనా లేదు. పిన్ను విరిగి బల్లమీద పడింది.

"విరిగింది నాయనా. నా చేతిలోనే విరిగింది."

అతను ఖాళీ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కొత్త డబ్బాల వైపు ఒకసారి చూసి, వెళ్లిపోయాడు.

సాయంత్రం సూదినీ, పిన్ను విరిగిన ఆ ప్రాసెసర్‌నీ పట్టుకుని సూదక్క ఆడబిడ్డ ఇంటికి వెళ్లింది. "ఇప్పుడు నేర్పుతానే. ఇది ఎటూ చచ్చిందే, దీనిమీద చెయ్యి తిప్పుకో. నీ కళ్లు బాగున్నాయిగా."

ఆడబిడ్డ సూది అందుకుంది. రోజంతా టేపు లాగి లాగి ఆమె మణికట్టు వాచి ఉంది. సూది మొన పిన్నుల మీద గజగజలాడింది. సూదక్క ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. వణుకు ఆగలేదు.

"నేనడిగినప్పుడు ఈ చెయ్యి బాగుండేది వదినా," అని కోపమేమీ లేకుండా సూది తిరిగిచ్చేసింది.

ఎవరికీ గుచ్చుకోకుండా సూదక్క దాన్ని కాగితంలో చుట్టసాగింది. ఎంతసేపు చుట్టినా ఆ పని తెమలలేదు.